జర కూసో అనే చాంద్‌పాషా

నిలబడిన మనిషిని చూస్తే చాంద్‌పాషాకు ఎందుకంత కష్టంగా ఉంటుంది? మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఆయన ఫోటో స్టూడియో గడప ఎవరు తొక్కినా ముందుగా వినబడే మాట ఒకటే: "జర కూసో." పాస్‌పోర్టు ఫోటోకైతే సరే. నిలువెత్తు ఫోటో కావాలన్నవాళ్లను కూడా ఆయన కూర్చోబెట్టే తీస్తాడు. కూర్చున్నంత మాత్రాన మనిషి మారిపోతాడా అని పైగా వాదిస్తాడు.

ఈ అలవాటు ఆయనకు పేరు తెచ్చింది గానీ గిరాకీ తేలేదు. లింగాల ఘనపూర్ దిక్కు నుంచి ఐలేశ్ అనే ఆయన సర్పంచి ఎన్నికల పోస్టరు కోసం చేతులు జోడించుకుని మరీ వచ్చాడు. ఆయన్నీ స్టూలు మీద కూర్చోబెట్టే తీశాడు. ఐలేశ్ ఓడిపోయాడు. నిలబడకముందే నన్ను కూసోబెట్టిండని జనగామ బస్టాండులో కనబడ్డవాళ్లందరికీ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

భూపాలపల్లిలో ఒక పెళ్లికి పోయినప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురి పక్కన ఫోటోకు నిలబడ్డ చుట్టాలందరికీ పాషా కుర్చీలు తెప్పించాడు. ఆ కుర్చీలు భోజనాల దగ్గరివి. దాంతో ఆ పెళ్లిలో జనమంతా నిలబడి తిన్నారు. ఆల్బంలో మాత్రం అందరూ హాయిగా కూర్చుని కనబడతారు.

ఎందుకిట్లా అంటే తలా ఒక మాట చెబుతారు. ఆయన పొట్టివాడు కాబట్టి లోకాన్ని తన ఎత్తుకు దించుకుంటున్నాడని పక్క దుకాణం శ్రీపాల్ అంటాడు. మోకాళ్ల నొప్పి ఈయనకు, విశ్రాంతి ఊరికి అని భార్య గుల్షన్ బేగం అంటుంది. ఆయన్నే అడిగితే, అడిగినవాళ్లకు స్టూలు చూపిస్తాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు నాట్యం చేసే అమ్మాయి వచ్చింది.

జమునది గార్ల దగ్గర తండా. గురుకులంలో చదివేటప్పుడు పేరిణి నాట్యం నేర్చుకుంది. హైదరాబాదులో ఒక నృత్య బృందం ఆమెను తీసుకునేందుకు ఫోటోలు అడిగింది. స్టూడియోలో కొన్ని, ఆరుబయట కొన్ని ఆ సాయంత్రంలోపు పంపాలి. తండ్రి దేవ్యా వెంట వచ్చాడు. బిడ్డ నాట్యమంటే ఆయనకు ఎంత మురిపెమో అంత భయం. కాలికి ఏమన్నా అయిందంటే ఆ రోజుతో నాట్యం బందు అని ముందే మాట తీసుకున్నాడు.

అప్పటికే కాలికి అయ్యే ఉంది. సాధన చేస్తుండగా కుడి చీలమండ మెలికపడి, గజ్జెల కింద వాచి ఉంది. ఆ సంగతి జమునకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదనే బస్సు దిగినప్పటి నుంచి ఆమె నవ్వుతూనే ఉంది.

తెర ముందుకు వచ్చి అరమండి పట్టింది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కిందికి దిగి నిలిచే భంగిమ అది. పాషా కెమెరాలోంచి కాసేపు చూసి, కెమెరా దించాడు.

"సగం కూసున్నవ్ కద బేటీ. మిగతా సగం గూడ కూసో."

దేవ్యాకు ఒళ్లు మండింది. "పాషా భాయ్, నా బిడ్డ నాట్యం చేస్తది. ఆధార్ కార్డుకు రాలే."

"నాట్యం కాళ్లల్లనే ఉంటదా? మొకంల లేదా, చేతులల్ల లేదా?"

జమున స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నాక గానీ, తాను ఎంతసేపటి నుంచి ఊపిరి బిగబట్టి ఉందో ఆమెకు తెలియలేదు. పాషా ఆమె కళ్లను ఫోటో తీశాడు, వేళ్లను తీశాడు, భుజం మీదుగా వెనక్కి చూసిన చూపు తీశాడు. దేవ్యా గొణుగుతూనే ఉన్నాడు. ఇంతలో గజ్జెలు కెమెరాకు మెరుపు కొడుతున్నాయని పాషా మరో పేచీ పెట్టి, లోపలి నుంచి భార్యను పిలిచి వాటిని విప్పమని పురమాయించాడు.

గుల్షన్ బేగం కింద కూర్చుని గజ్జెలు విప్పుతూ ఒక్క క్షణం ఆగింది. తలెత్తి భర్తను చూసింది. ఆయన దీక్షగా లెన్సు తుడుచుకుంటున్నాడు. పైజామా అంచు వదులైందని ఆమె పైకే అని, వెడల్పాటి గుడ్డపట్టీ తెచ్చి ఆ చీలమండకు బిగించి కట్టి, అంచు కిందికి దించేసింది.

ఆరుబయట ఫోటోలకు బయ్యారం చెరువు కట్టకు పోయారు. తండ్రీ బిడ్డలు ఆటోలో, పాషా స్కూటరు మీద. స్కూటరు వెనక స్టూలు తాడుతో కట్టి ఉంది. అది చూసి ఆటో అతను, ఈ చెరువును గూడ కూసోబెడ్తడా ఏంది అన్నాడు. కోపంలో ఉన్న దేవ్యా కూడా నవ్వాడు గానీ, కట్ట మీద మళ్లీ స్టూలు దిగేసరికి ఆయన ఓపిక అయిపోయింది. ఒక్కటన్నా నిలబడి తియ్యకపోతే బిడ్డను తీసుకుని ఇంటికి పోతానన్నాడు.

పాషా వాదించలేదు. "సరే. లేచి ఒంటికాలు మీద నిలబడు బేటీ."

జమున అలవాటు కొద్దీ ఎడమకాలు లేపబోయింది.

"అది కాదు. కుడికాలు లేపు. అటు దిక్కు వెలుగు లేదు."

వెలుగు రెండు దిక్కులా ఒక్కతీరుగానే ఉంది. జమున ఆయన వైపు చూసింది. కెమెరా వెనక ఆయన మొహం కనబడలేదు. ఆమె బాగున్న కాలి మీద నిలబడి, నొప్పికాలు గాలిలోకి లేపి చేతులు చాచింది. ఆ రోజంతా మొహానికి అంటించుకున్న నవ్వు పోయి, మామూలు నవ్వు వచ్చింది. పాషా అప్పుడు నొక్కాడు.

ఫోటోలు ఆమె ఫోనులోకి వచ్చాయి. కట్ట మీదనే కూర్చుని, పొద్దు గూకక ముందే హైదరాబాదుకు పంపేసింది. స్కూటరుకు సామాను కట్టుకుంటూ పాషా దేవ్యాను పిలిచాడు.

"ఒక మాట భాయ్. ఈ నెల ఎల్లేదాక బిడ్డను ఆడనియ్యకు. ఆడితే ఫోటోల మనిషి కదుల్తది."

"ఫోన్ల ఉన్న ఫోటో ఎట్ల కదుల్తది?"

"కదుల్తది. నాకెరుక."

దేవ్యా ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత బిడ్డను చూశాడు.

"ఆయన పిచ్చి ఆయనది," అన్నాడు చివరికి. "అయినా ఎందుకన్న మంచిది. ఈ నెల ఊకుండు బిడ్డా." అని ఆమె చేతిలోని సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

జమునకు పాషాతో ఒక మాట చెప్పాలనిపించింది. ఏ మాటో వెతుక్కుని తిరిగి చూసేసరికి, పోతున్నానని కూడా అనకుండా ఆయన స్కూటరు మీద కట్ట చివర మలుపు తిరిగిపోతున్నాడు.