పదకొండోది రాసుకో

పోయిన శుక్రవారం పొద్దున, కాలేజీలో మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ పోయిండు. చాయ్ తాగి కూసున్నడు, కూసున్నకాడనే ఒరిగిండు. దవాఖానాకు తీస్కపోయే టైము గూడ ఇయ్యలే" అంది. నేను ఖమ్మం చేరేసరికి జనాజా లేచిపోయింది, కడసారి చూపు దక్కలేదు. వాళ్లింట్లో కాసేపు కూర్చుని, తిరుగు దారిలో నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీ దగ్గర ఆగాను. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. "మన కాలేజీ గేటు వాచ్‌మన్ మృతికి సంతాపం." అంతే. చదవగానే ఒళ్లు మండింది.

ఆయన వాచ్‌మన్ కాదు. ఆయన్ని వాచ్‌మన్‌ను చేశారు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిసినవాళ్లలో నేనొకదాన్ని. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదాన్ని కూడా. మీ ముందు ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే.

ఎం.టెక్‌లో నా ప్రాజెక్టు ఒక రబ్బరు వేలు. ఇనుము లేదు, మోటారు లేదు. గాలి నింపితే వంగుతుంది, వదిలితే చాపుకుంటుంది. అలాంటి మూడు వేళ్లతో ఒక చెయ్యి చేయాలని నా కోరిక. మాది అశ్వారావుపేట దగ్గర. పామాయిల్ గెలలు కోసినప్పుడు రాలిన పండ్లను మా అమ్మ ముళ్ల మధ్య వంగి ఏరేది. ఇనుప కొక్కెంతో ఎత్తితే పండు చితుకుతుంది, చితికింది మిల్లుకు చేరేలోపు పాడవుతుంది. మెత్తటి చెయ్యయితే ఆ బాధ ఉండదనుకున్నాను. అయితే చేయడం ఒక ఎత్తు, అది చెప్పినమాట వినేలా చేయడం ఇంకో ఎత్తు. ఇనుప కీలును ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. రబ్బరు అలా కాదు. ఇంత గాలికి ఇంత వంపు అని ముందే చెప్పగల సమీకరణం కావాలి. నా సమీకరణం కాగితం మీద ఎంత ముద్దుగా ఉండేదో! వేలు మాత్రం సోమవారం ఒక వంపు, మంగళవారం ఇంకో వంపు.

చాచా అప్పుడు మా ల్యాబ్ అటెండర్. అంతకుముందు ఊళ్లో పంక్చర్ దుకాణం నడిపిన మనిషి. సైకిల్ ట్యూబు కోసి, అతికించి, ఆ వేలును తయారుచేసింది ఆయనే. రబ్బరు అంటుకోకుండా రాయడానికి చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న పౌడరు డబ్బా ఉండేది. అన్నం తిన్న చేత్తో రబ్బరును ముట్టనిచ్చేవారు కాదు. "నూనె దీనికి జహర్ బిడ్డా, సబ్బు పెట్టి కడుక్కొని రా" అని నన్నే కాదు, ఒకసారి మా హెచ్‌ఓడీ గారిని కూడా వెనక్కి పంపారు. ఎక్కడో సన్నగా గాలి పోతోందంటే వేలును చెంపకు దగ్గరగా పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. "ఈడ" అని గోరు ఆనిస్తే చిల్లి సరిగ్గా అక్కడే ఉండేది.

మూడు వారాలు లెక్క కుదరక ఒకరోజు బల్ల మీద తల వాల్చాను.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల వెట్టినవ్?"

"ఇవాళ కూడా తప్పే వచ్చింది చాచా."

"నువ్వు పొద్దుగాల రాంగనే రాసుకుంటున్నవ్. అది ఇంకా లేవనే లేదు" అని పంపు అందుకున్నారు. "పదిసార్లు గాలి పెట్టాలె, పదిసార్లు ఇడువాలె. అప్పుడు లైనుకొస్తది. పదకొండోది రాసుకో."

"ఎందుకట్లా?"

"కొత్త చెప్పు కరుస్తది గదా. నాలుగు దినాలు నడిస్తే చెప్పినట్టు ఇంటది. గిది గూడ గంతే. రెండు దినాలు పండవెట్టినవనుకో, మళ్ల బిర్రుగైతది."

నవ్వుకున్నాను, అయినా చేశాను. గ్రాఫులో పదకొండో కొలత చుక్క సరిగ్గా నా సమీకరణం గీత మీద కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఆ వారమంతా కూర్చుంది. తర్వాత లైబ్రరీలో రబ్బరు గురించిన ఒక లావుపాటి పుస్తకంలో ఇదే విషయం కనిపించింది. సాగదీసిన మొదటి కొన్నిసార్లూ రబ్బరు మొండికేస్తుందట, ఆ తర్వాత కుదురుకుంటుందట. చాచా ఆ పుస్తకం చూసినవారు కాదు. ట్యూబుల మీద బొటనవేలు నొక్కి నొక్కి తెలుసుకున్నారు.

థీసిస్‌లో ఆ పద్ధతిని నాలుగు వాక్యాల్లో రాశాను. ఎవరు చెప్పారో పేరు పెట్టాను. హెచ్‌ఓడీ గారు ఆ నాలుగు వాక్యాలూ ఎర్ర సిరాతో కొట్టేశారు. "ఏమ్మా, ఇది థీసిసా, వంటల పుస్తకమా? అటెండర్ పేరు చూస్తే నలుగురూ నవ్వుతారు" అన్నారు. సదస్సుకు పోయిన పేపర్లో మొదట ఆయన పేరు, తర్వాత నా పేరు. ఆ నాలుగు వాక్యాలు లేవు.

కొన్ని నెలలకు వేరే కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగల మనుషులు. "మీరు రాసినట్టే వేలు చేశాం. మీ లెక్కలు మాకు రావడం లేదు. కొలతలకు ముందు ఇంకేమైనా చేస్తారా?" అని అడిగారు. అంతకంటే సూటిగా ఎవరు అడుగుతారు? ఒక్క వాక్యం జవాబు రాస్తే సరిపోయేది. హెచ్‌ఓడీ గారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వేరే జవాబు చెప్పారు. "మా ల్యాబ్ అటెండర్ అనుమతి లేకుండా పరికరాన్ని ముట్టుకున్నందువల్ల కొలతల్లో తేడాలు వచ్చాయి. అతనిపై చర్య తీసుకున్నాం."

నా చేతులు ఆగిపోయాయి. "కొట్టమ్మా. వచ్చే వారం నీ వైవా ఉంది కదా" అన్నారు. కొట్టాను. ప్రింటు కూడా నేనే తీసిచ్చాను.

అనుమతి లేకుండానట! ఆ వేలును చేసిన మనిషి దాన్ని ముట్టుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

మర్నాడు చాచా ల్యాబ్ తాళాలు బల్ల మీద పెట్టి ఒకే మాట అడిగారు. "సార్, నేను తప్పు పని చేసిన్నని రాసిండ్రంట. ఏడ చేసిన్నో చూపెట్టుండ్రి." సార్ ఫైలు లోంచి తల ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టినందుకు చాచా బాధపడలేదు. ఆ మాటకే బాధపడ్డారు. "చేతికి మసి అయితే కడుక్కుంటం. పేరుకైతే ఏం పెట్టి కడుగుతం బిడ్డా?" అని నన్నే అడిగారు. ఆ ఉత్తరం టైపు చేసింది ఎవరో ఆయనకు తెలియదు.

శుక్రవారం నోటీసు బోర్డు చూశాక ల్యాబ్‌లోకి కూడా వెళ్లాను. గోడ మీద ల్యామినేషన్ చేసిన సూచనల పట్టిక ఉంది. మొదటి సూచన: "కొలతలకు ముందు పదిసార్లు గాలి నింపి వదలవలెను. పదకొండవ కొలత నమోదు చేయవలెను." కింద హెచ్‌ఓడీ గారి సంతకం. వంటల పుస్తకం ఇప్పుడు గోడెక్కింది! వండినవాడి పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సిగ్గుండాలి. ఆ సిగ్గులో నా వాటా నేను తీసుకుంటున్నాను. నిన్న ఆ వేరే కాలేజీకి ఉత్తరం పంపాను. అందులో నాలుగు వాక్యాలూ ఉన్నాయి, చాచా పేరు ఉంది, పాత ఉత్తరం టైపు చేసిన మనిషి పేరు కూడా ఉంది. ఒక నకలు మా కాలేజీకి కూడా పంపాను.

ఇది ఆయన ఉండగా చేయాల్సిన పని. చేయబోయాను కూడా. రెండేళ్ల కింద సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, ఎలాగైనా చెప్పేయాలనే గేటు దగ్గర ఆగాను. పిల్లల సైకిళ్లకు గాలి కొట్టడానికి చాచా కుర్చీ పక్కన పంపు పెట్టుకున్నారు. నన్ను చూసి నవ్వి, టిఫిను సంచిలోంచి ఏదో తీశారు. మా వేలు. చెత్తలో పారేస్తుంటే తెచ్చుకున్నారట. పౌడరు రాసి భద్రంగా ఉంచారు. దాన్ని పంపుకు తగిలించి, గాలి కొడుతూ వదులుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"చాచా, మీకొకటి చెప్పాలె" అన్నాను.

"ఆగు బిడ్డా, లెక్క తప్పుతది."

ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండోసారి వేలు నిదానంగా, ఎక్కడా తడబడకుండా వంగింది. ఆయన నా వైపు చూసి, "ఊఁ, రాసుకో" అన్నారు.

"పెన్ను లేదు చాచా" అన్నాను. ఆ రోజు నా నోట వచ్చింది అదొక్కటే.

ఆయన నవ్వి గాలి వదిలారు. వేలు మెల్లగా చాపుకుంది. పూర్తిగా కాదు. కొన దగ్గర కాస్త వంపు అలాగే ఉండిపోయింది.