రాళ్ళ మలుపు దగ్గర ఆయాసం

బస్సు ఒక యంత్రమని ఎవరెంత చెప్పినా ఆ డ్రైవరుకి నమ్మకం కుదరలేదు. ఆయన దృష్టిలో అది ఒంట్లో బాగోని మనిషి. పొద్దున్నే షెడ్డులోకి వస్తూనే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "రాత్రి సరిగా నిద్రపోలేదు" అనేవాడు. హారన్ బొంగురుపోతే గొంతునొప్పి, సైలెన్సర్ పొగ కక్కితే అజీర్తి, టైర్లో గాలి తగ్గితే నీరసం. డిపో అంతా ఆయన్ని డాక్టరనే పిలిచేది. ఒకసారి ఎవరో ప్రయాణికుడు అది నిజమే అనుకుని మోకాలి నొప్పి చెప్పుకున్నాడు. ఈయన ఆ మోకాలు వంచి చూసి, "గ్రీజు అయిపోయింది. మెట్లెక్కేటప్పుడు గేరు తగ్గించండి" అని పంపించాడు. మర్నాడు అతనొచ్చి, తగ్గిందని కూడా చెప్పాడు.

ఈ డాక్టరు బస్సులోకి కొత్త కండక్టరమ్మ బదిలీ మీద వచ్చింది. ఆవిడకి టైమంటే ప్రాణం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ పూట అన్నం సహించదు. అలాంటి మనిషికి మొదటి రోజే, ఉదయం ఎనిమిదింటికి, కొండ కింద రాళ్ళ మలుపులో బస్సు ఆగిపోయింది.

"ఏమైంది బాబాయ్?"

"ఆయాసం తల్లీ. కాసేపు ఊపిరి పీల్చుకోనీ."

ఆయన దిగి, బానెట్ ఎత్తి, లోపలికి చెవి పెట్టి, సీసాలోంచి నీళ్ళు పోసి, "నెమ్మది, నెమ్మది" అని ఓదార్చాడు. ఈలోగా కొండ మీది పల్లె నుంచి ఆరుగురు బడిపిల్లలు సంచులు ఎగరేసుకుంటూ పరుగున దిగొచ్చి బస్సెక్కారు. ఎనిమిది నిమిషాలకి ఆయాసం తగ్గింది.

రెండో రోజూ అక్కడే ఆయాసం. మూడో రోజు కళ్ళు తిరిగాయి. నాలుగో రోజు పక్కలో పోటు. ముందు సీట్లో కూరగాయల బుట్టతో కూర్చునే పెద్దమ్మ ఒకావిడ రోజూ సలహాలిచ్చేది.

"ఖాళీ కడుపుతో ఎత్తెక్కిస్తే అంతే మరి. డీజిలు పట్టించావా నాయనా?"

"పట్టించాను పెద్దమ్మా. అరగట్లేదు."

కండక్టరమ్మకి ఒళ్ళు మండేది. పిల్లల తెలివికి మాత్రం ముచ్చటేసేది. ఆ మలుపులో స్టాపు లేదు, అసలు స్టాపు మూడు కిలోమీటర్ల అవతల. అయినా రోజూ బస్సు చెడిపోయే చోటు కనిపెట్టి, సరిగ్గా ఆ వేళకి అక్కడికే దిగొస్తున్నారు. ఈ బుద్ధి మెకానిక్కులకుంటే ఎంత బాగుండు అనుకుంది. పదిహేనో రోజున ఓపిక నశించి డిపోకి కాగితం పెట్టింది. బస్సు రోజూ ఒకే చోట ఆగుతోందని, డ్రైవరుగారి వైద్యం పనిచెయ్యడం లేదని, అసలైన మెకానిక్కుని పంపమని రాసింది. సోమవారం ఫోర్మన్ గారే స్వయంగా వచ్చి చూస్తారని జవాబొచ్చింది.

దానికి ముందురోజు ఆదివారం. బస్సు రాళ్ళ మలుపు దాకా వచ్చింది. కండక్టరమ్మ అలవాటుగా కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు మేకపిల్లలా ఎత్తెక్కిపోయింది. పోయిన ఆదివారం కూడా ఇంతే కదా అని అప్పుడు తట్టింది ఆవిడకి.

"పెద్దమ్మా, ఈ బస్సుకి ఆదివారాలు జబ్బు చెయ్యదా?"

పెద్దమ్మ బుట్ట సర్దుకుంటూ నవ్వింది. "ఆదివారం బడి లేదు కదమ్మా."

కండక్టరమ్మ కమ్మీ వదిలి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"మీ డ్రైవరు ఇక్కడ స్టాపు కోసం ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆరుగురి కోసం పెట్టలేం, బస్సు చెడితే తప్ప దారిలో ఆపకూడదన్నారట. అప్పట్నుంచీ చెడుతోంది. నడవలేక బడి మానేసిన ఆడపిల్లలిద్దరు మళ్ళీ వెళ్తున్నారిప్పుడు."

ఆఖరి స్టాపులో అందరూ దిగాక ఆవిడ డ్రైవరు సీటు దగ్గరికెళ్ళి, తను పెట్టిన కాగితం సంగతి చెప్పేసింది. ఆయన స్టీరింగు నిమిరాడు.

"నువ్వు అబద్ధం రాయలేదుగా తల్లీ. ఆగుతోంది, ఆగుతోందని రాశావు."

"రేపొక్కరోజు ఆపకండి బాబాయ్. మీ ఉద్యోగానికే ముప్పు."

"రేపు వాళ్ళకి లెక్కల పరీక్ష" అని ఆయన గుడ్డ తీసుకుని అద్దం తుడవడానికి లేచాడు.

సోమవారం ఫోర్మన్ గారు పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇంజను పక్కనే కూర్చున్నారు. మలుపు దగ్గరపడుతుంటే డాక్టరు గొంతు సవరించుకుని, "కొద్దిగా దగ్గు..." అని మొదలుపెట్టాడు. అంతలో టంగుమని బెల్లు మోగింది. ఆయన ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

"ఎందుకు ఆపావు?" అన్నారు ఫోర్మన్ గారు.

"ఆపమని నేనే బెల్లు కొట్టాను సార్" అంది కండక్టరమ్మ.

"ఇక్కడ స్టాపు లేదే."

"లేదు సార్. ప్రయాణికులున్నారు."

పిల్లలు ఎక్కుతున్నారు. వాళ్ళలో అందరికన్నా చిన్నపిల్ల, డ్రైవరు ఇంకా తన సీట్లోనే ఉండటం చూసి, మెట్టు మీదే ఆగిపోయింది.

"డాక్టర్ తాతా, దిగలేదేం? ఇవాళ దానికి ఒంట్లో బాగుందా?"

ఫోర్మన్ గారు పిల్లని చూశారు, డ్రైవరుని చూశారు, కొండ మీదినుంచి దిగే కాలిబాటని చూశారు. తర్వాత కిందికి దిగి, బానెట్ ఎత్తి, ఒక్కొక్కటే తడిమి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"గుండ్రాయిలా ఉంది. ఎన్నాళ్ళనించీ ఈ జబ్బు?"

"రెండేళ్ళు సార్" అన్నాడు డాక్టరు తలొంచుకుని. "బడి ఉన్న రోజుల్లోనే వస్తుంది."

ఫోర్మన్ గారు పనిముట్ల సంచీ మూతి బిగించి మళ్ళీ కూర్చున్నారు. బడి దగ్గర పిల్లలు దిగి గేటువైపు పరుగెత్తడం కిటికీలోంచి మెడ తిప్పి మరీ చూశారు.

ఆ శుక్రవారం డిపోనుంచి ఫోర్మన్ గారు రాసిన కాగితం వచ్చింది. కండక్టరమ్మ షెడ్డులో నిలబడి చదివి వినిపించింది.

"లోపం: రాళ్ళ మలుపు వద్ద స్టాపు లేకపోవుట. మరమ్మతు: స్టాపు పెట్టవలెను. అంతవరకు బస్సు రోజూ అక్కడ ఎనిమిది నిమిషాలు విశ్రాంతి తీసుకొనవలెను."

దాని కిందే, ఒకటో తారీఖు నుంచి స్టాపు మంజూరు చేస్తూ మేనేజరు సంతకం ఉంది.

డాక్టరు దాన్ని మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత తనే తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మూడోసారి కూడబలుక్కుని చదివాడు.

"ఒక్కసారి నాడి చూసి అసలు రోగం కనిపెట్టేశాడు తల్లీ" అన్నాడు. "రిటైరయ్యాక ఈ ఫోర్మన్ గారి దగ్గర కాంపౌండరుగా చేరిపోతాను."