మా తోడికోడలు కట్టిన మేడ

మా తోడికోడలితో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఫర్నిచర్ షాపు యజమాని సంగతే తీసుకోండి. ఇది తోలుకొచ్చిన వ్యానులోంచి సోఫా దింపించుకుని, గుడ్డ మాసిందంటూ కిరాయి ఎగ్గొట్టబోయాడు. ఇది వెళ్ళి ఆ సోఫా మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మాసిన సోఫా మీకెందుకు బాబూ, నేనుంచుకుంటా. కిరాయి వచ్చేదాకా ఇదే నా ఇల్లు. టీ చెప్పండి, చక్కెర తక్కువ."

కొనడానికొచ్చినవాళ్ళు నవ్వడం మొదలెట్టారు.

"లేమ్మా, పరువు పోతోంది!"

"నా కిరాయికంటే చవకా మీ పరువు?"

ఇచ్చాడు. చచ్చినట్టు ఇచ్చాడు.

ఇంట్లో దాన్ని చిన్నది అంటాం. తల నెరిసినా చిన్నదే. "పెద్దదాని నోరు చాకు, చిన్నదాని నోరు రంపం" అనేది మా అత్తగారు. ఆ లెక్క నేనిప్పటికీ ఒప్పుకోను. మా మరిది నడుం పడిపోయాక వ్యాను స్టీరింగు చిన్నదే పట్టింది. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు తోలేది. మనిషన్నవాణ్ణి బతిమాలడం ఎరగదు గానీ, అద్దాల బీరువా ఎక్కించిందంటే గుంత గుంతకీ వ్యానుని బతిమాలేది, "మెల్లగా తల్లీ, మెల్లగా" అని.

అప్పు మీద కొన్న ఆ వ్యానునే ఫైనాన్సు కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు. జరిగింది ఇంతే. బ్యాంకువాళ్ళు చిన్నదాని ఖాతా నంబరు మార్చారు. నెలనెలా అందులోంచే వాయిదా లాక్కునే కంపెనీ దగ్గర పాత నంబరే ఉండిపోయింది. ఖాతాలో డబ్బుండగానే రెండు వాయిదాలు వెనక్కి తిరిగాయి. దాని మీద జరిమానా, జరిమానా మీద వడ్డీ. చివరికి, తగవు మధ్యవర్తి తేలుస్తాడని నోటీసు వచ్చింది.

"పెళ్ళికి మధ్యవర్తిని విన్నాం గానీ అప్పుకి మధ్యవర్తేంటే?" అన్నాను.

"పోనీలే అక్కా, పెద్దమనిషెవరో చెబితే వింటారేమో" అంటూ ఇస్త్రీ చీర కట్టుకుని ఒక్కతే వెళ్ళింది. ధుమధుమలాడుతూ తిరిగొచ్చింది.

"మధ్యవర్తంటే మధ్యలో కదా ఉండాలి! ఆయన కుర్చీ కంపెనీ ఆఫీసులోనే వేశారక్కా!"

"నువ్వేమన్నావ్?"

"వాయిదా కట్టలేదుగా, కట్టలేదుగా అని నాలుగుసార్లు అడిగాడు. ఒళ్ళు మండింది. ఆఁ, వాయిదా కట్టలేదు, మేడ కట్టాను, వచ్చి చూసుకోండి అన్నా."

నేను పడీ పడీ నవ్వాను. ఆ మాట నాకు తట్టనందుకు కుళ్ళుకున్నాను కూడా.

ఆ రోజు విచారణ గురించి మధ్యవర్తి రాసిన కాగితం వచ్చాక నవ్వాగింది. నాకు చదువు అంతంతమాత్రమే అయినా కూడబలుక్కుని చదివాను. వాయిదా సొమ్ముతో ఇల్లు కట్టుకున్నట్టు ఈమె ఒప్పుకున్నది, అని రాసుకున్నాడు ఆ మహానుభావుడు. ఇద్దరం తలెత్తి చూశాం. వానొస్తే బకెట్టు పెట్టుకునే అద్దె ఇంటి రేకు కనబడింది.

లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఒక పక్షంవాళ్ళు తమంతట తామే మధ్యవర్తిని పెట్టుకోవడం చెల్లదని ఆవిడ కోర్టులో వాదించింది. కోర్టు ఆయన్ని తీసేసి, రిటైరైన జడ్జి ఒకావిడని పెట్టింది. ఆవిడ తీర్పు మనవైపొస్తే వ్యాను వస్తుంది. లేదంటే వేలంలో పోతుంది.

చిన్నది ఎగిరి గంతేసింది. లాయరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆ పాత కాగితాన్ని అవతలి వకీలు మళ్ళీ ఎత్తుతాడమ్మా. కావాలని రెచ్చగొడతాడు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకోవాలి. ఎకసెక్కాలాడితే ఈసారి నేనూ కాపాడలేను."

ఇంటికొచ్చాక చిన్నది నాకో కుర్చీ వేసి, తను ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఇన్నేళ్ళలో నాకు కోపం తెప్పించడం నీ అంత బాగా ఎవరికీ చేతకాలేదు."

"ఇప్పుడదెందుకే?"

"నువ్వు అవతలి వకీలువనుకో. నోటికొచ్చినట్టు అను. నా వంట, నా పుట్టిల్లు, ఏదీ వదలకు. నేను తిరిగి ఒక్క మాటన్నానా, మళ్ళీ మొదటికి రా. ముందు ఆ మేడ ఎక్కడ కట్టావో అడుగు."