నా మందు సీసా మీద కన్నేసిన మా తోడల్లుడు

మా తోడల్లుడు దర్జీ. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫొటోలో కూడా అది వేలాడుతోందని మా మరదలు ఒట్టేసి చెబుతుంది. అందుకే వీధిలో అందరికీ ఆయన టేపాయన. మంచి పనివాడు. భుజం వంకర ఉన్న మనిషికి వంకర కనబడకుండా కోటు కుట్టగలడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. నేను.

నేను చదివింది ఊరి బడిలో, ఐదో తరగతి దాకా. అయినా లారీ నడిపి, ఒక్కసారైనా బండి బోల్తా కొట్టకుండా, సొంత ఇల్లు కట్టాను. డ్రైవర్ల సంఘానికి అధ్యక్షుణ్ణయ్యాను. పిల్లలిద్దర్నీ టీచర్లను చేశాను. గొప్పకు చెప్పడం లేదు, జరిగినవి గనక చెబుతున్నాను. ఇవన్నీ చూసి టేపాయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. నేను మేడ వేస్తే ఆయన మేడ మీద గది వేశాడు. నేను కళ్ళజోడు పెట్టుకుంటే, చూపు శుభ్రంగా ఉన్నా ఆయనా పెట్టుకున్నాడు. చివరికి నాకు గుండెపోటు వచ్చిన ఏడాదే ఆయనకూ వచ్చింది.

"ఇందులోనైనా మా బావగార్ని వదిలెయ్యకూడదటండీ?" అంది మా మరదలు, ఆస్పత్రి మంచం పక్కన ఏడుస్తూనే.

ఆ పోటు తర్వాత మా ఇద్దరి గుండెలూ రక్తాన్ని గట్టిగా తోయలేకపోతున్నాయన్నారు. అలాంటి గుండెకు ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి పెద్దాస్పత్రిలో పరిశోధన జరుగుతోంది. ఇష్టముంటే చేరమన్నారు. నేను చేరాను. నేను చేరానని తెలిశాక ఆయన ఆగుతాడా?

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "మీ పాత మందులు మానొద్దు. వాటితోపాటు సగంమందికి కొత్త మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తాం. ఎవరికి ఏది పడిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిస్తే, మందుతో తగ్గిందో నమ్మకంతో తగ్గిందో తేలదు."

"అసలు మందు ఈయనకే పడుంటుందమ్మా," అన్నాడు టేపాయన, నావైపు చూడకుండా. "లాటరీ చీటీ కూడా గాలికి ఎగిరొచ్చి ఈయన జేబులోనే పడుతుంది."

"నాకు తగిలితే నీకు చెప్పకుండా ఉంటానటయ్యా?" అన్నాను.

"ఉండరు. అదేగా నా ఏడుపు."

ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ రక్తపోటు చూసి, గుండెను యంత్రంలో చూసి, వరండాలో నడిపించి ఎంత దూరం నడిచామో రాసుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు నా నడక సాగింది. రక్తపోటు నిలకడగా ఉందని నాకు పెద్ద మోతాదు సీసా ఇచ్చారు. ఆయనకు పాత మోతాదే ఇచ్చారు.

"మీ రక్తపోటు అసలే తక్కువ బాబాయ్‌గారూ, మీకు పెంచకూడదు," అంది నర్సు.

ఇంటికొచ్చే దారిపొడుగునా ఆయన నా సీసాకేసి చూస్తూ కూర్చున్నాడు. బస్సులో నాకు కునుకు పట్టింది. రెండు సీసాలూ ఆయన ఒళ్ళో సంచిలోనే ఉన్నాయి. నా మాత్రలు తన సీసాలోకి, తన మాత్రలు నా సీసాలోకి ఒంపేశాడు. మాత్రలన్నీ ఒకేలా ఉంటాయి, సీసాల మీద నంబర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకెలా తెలుస్తుంది?

ఆయన నోటితోనే తెలిసింది. ఓ మధ్యాహ్నం దుకాణానికి వెళితే, మొహం సుద్దముక్కలా పాలిపోయి, మిషను పట్టుకుని కూర్చున్నాడు. సూది దిగిన వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమయ్యా, అలా ఉన్నావు?"

"అసలు మందంటే ఇలా ఉంటుందన్నయ్యా!" అని నవ్వాడు. "లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. లోపల పని జరుగుతోందన్నమాట. మీ సీసాలోది ఇప్పుడు నాలో ఉంది."

ముందు నాకు ఒళ్ళు మండిపోయింది. నాకిచ్చిన మందు! కానీ తిట్టడానికి నోరు తెరిచేలోగా ఆయన స్టూలు మీంచి జారాడు. నేనూ, లోపల్నుంచి పరిగెత్తుకొచ్చిన మా మరదలూ పట్టుకున్నాం.

"రోజూ ఇదే వరస బావగారూ," అంది మా మరదలు. "డాక్టరమ్మకి చెబుదామంటే వినరు. ప్రాణం పోయినా ఆ సీసా వదలరట."

"చెబితే నన్ను గెంటేస్తారు," అన్నాడాయన, కళ్ళు మూసుకునే. "అప్పుడీయనొక్కడే వరండాలో నడుస్తాడు. నర్సులంతా ఆహా ఓహో అంటారు. నేనిక్కడ కాజాలు కుట్టుకోవాలి."

బతిమాలితే ఆ మనిషి ఇంకా బిగుసుకుంటాడు. సంఘం నడిపినవాణ్ణి, ఎవరిని ఎక్కడ కదిలించాలో నాకు తెలుసు. లేచి చెప్పులేసుకున్నాను.

"సరే, నీ ఇష్టం. మాత్రలు తారుమారయ్యాయని నేనే వెళ్ళి చెబుతాను. పరిశోధన పాడవకుండా కాపాడిన పెద్దమనిషని డాక్టరమ్మ నన్ను పదిమందిలో మెచ్చుకుంటుంది."

టేపాయన కళ్ళు తెరిచాడు. "మార్చింది నేనైతే మెప్పు మీకా?" మిషను పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఏమేవ్! ఆటో పిలువు. నేనే చెబుతాను. ఈయన్ని ముందు కూర్చోనివ్వకు!"

ఆస్పత్రిలో ఆయన రక్తపోటు చూడగానే డాక్టరమ్మ పడుకోబెట్టి సెలైన్ ఎక్కించింది. ఆ మాత్ర అప్పటికప్పుడు ఆపేసింది. ఇంకొన్నాళ్ళు వేసుకుని ఉంటే దక్కేవాడు కాదంది. ఆయన జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"నన్ను గెంటేస్తారామ్మా?"

"గెంటం. జరిగింది జరిగినట్టు రాస్తాం. మొదట ఏ గుంపులో పడ్డారో చివరిదాకా ఆ గుంపులోనే మీ లెక్క."

"అంటే నేను బాగుపడితే ఈయన లెక్కలో వెయ్యరుగా?"

"వెయ్యం."

"అయితే సరే," అన్నాడు ప్రశాంతంగా.

డాక్టరమ్మ ఆయన భుజం తట్టింది. "ఇలాంటివి చాలామంది దాచిపెడతారు. మీరు ధైర్యంగా వచ్చి చెప్పారు," అంది, వార్డంతా వినేలా. నర్సు ఇంకో దిండు తెచ్చింది. కాళ్ళు ఎత్తుగా ఉంచాలని నన్ను లేపి, నా కుర్చీ కూడా ఆయన కాళ్ళకిందకే లాగేసింది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన్ని అక్కడికి కదిలించి తీసుకొచ్చింది ఎవరని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడగలేదు గనకే ఇక్కడ రాశాను.