భీమశంకర్ గారి నలుపు

రంగుల విషయంలో భీమశంకర్ గారికి ఎవరి మాటా చెవికెక్కేది కాదు. చీరాలలో వాళ్లది తాతల నాటి నుంచీ నూలుకు రంగులు వేసే ఇల్లు. 1975లో ఆయన వర్జీనియా దక్షిణపు కొసన ఉన్న ఒక బట్టల మిల్లుకు షేడ్ మాస్టర్‌గా వచ్చారు. రంగు తొట్టిలోంచి బయటికొచ్చిన ప్రతి తానులోంచీ ఒక ముక్క ఆయన బల్ల మీదికి రావాలి. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, ముద్ర వేస్తేనే సరుకు మిల్లు దాటేది. మూడేళ్ల తర్వాత అదే ల్యాబ్‌లో నేను చేరాను. రంగును అంకెల్లో చెప్పే యంత్రం నడపడం నా ఉద్యోగం. మొదటిరోజే ఆయన దాన్ని ఎగాదిగా చూసి, "ఏమయ్యా శ్యామ్‌సుందర్, కళ్లున్నోడికి ఇదెందుకు?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వరంగల్లు వాణ్ని, మాట పడే రకం కాదు. అయినా ఆ చుట్టుపక్కల ముప్పై మైళ్లలో తెలుగు మాట్లాడేది ఆయనా, ఆయన భార్య రాధారాణి వదినా మాత్రమే. కోపం తెచ్చుకున్నా ఆదివారం భోజనానికి వాళ్లింటికే వెళ్లాలి.

మిల్లుకు పావుగంట దూరంలో పెద్ద లేక్ ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే మిల్లులో సగంమంది క్రాపీ చేపల కోసం అక్కడే ఉంటారు. ఆ చేపకు వేసేది జిగ్. సీసపు గుండు తలకాయ, దానికో కొక్కెం, కొక్కెం చుట్టూ రంగు దారం, వెనక ఈకల తోక, అంతా కలిపి చిటికెన వేలు మొదటి కణుపంత ఉంటుంది. ఏ రోజు ఏ రంగు జిగ్ వెయ్యాలన్నది అక్కడి మగవాళ్లు చర్చి మెట్ల మీద కూడా తేల్చుకోలేని సంగతి.

1979లో మేమిద్దరం మొదటిసారి ఒడ్డునున్న హోబర్ట్ దుకాణానికి వెళ్లాం. గోడ నిండా వేలాడుతున్న జిగ్గులు చూపించి, "ఈ వారమంతా తెలుపే నడుస్తోంది" అన్నాడు హోబర్ట్.

"ట్యూబ్‌లైట్ కింద రంగు చూసేవాడి మాట నేను వినను" అన్నారు భీమశంకర్ గారు ఇంగ్లీషులో, మొహమాటం లేకుండా. కారులోంచి వదిన కడిగిపెట్టిన ఆవకాయ సీసా తెచ్చి, లేక్‌లో ముంచి నింపారు. ముందురోజు వాన పడిందేమో, నీళ్లు టీ రంగులో ఉన్నాయి. దుకాణం గుమ్మంలో నిలబడి ఒక్కో జిగ్గునూ దారంతో అందులోకి దించి చూశారు. తెల్లది దించగానే మాసిపోయింది. చిలకపచ్చ తోక ఉన్న నల్లది మాత్రం సీసాలో ఎక్కడున్నా కనబడింది.

"చేప కిందనుంచి పైకి చూసుద్ది. ఆకాశం మీద దానికి నల్లగా ఆనాల. ఇదే" అన్నారు.

హోబర్ట్ నవ్వాడు. సాయంత్రానికి మా బకెట్‌లో ముప్పై ఒక్క చేపలున్నాయి. మరుసటి వారం వెళ్లేసరికి దుకాణం బల్ల మీద నీళ్లతో ఒక గాజు సీసా పెట్టి ఉంది. 

తర్వాత ఆయన జిగ్గులు కొనడం మానేసి స్వయంగా కట్టడం మొదలుపెట్టారు. చలికాలమంతా భోజనాల బల్ల మీద అదే పని. బల్ల అంచుకు తగిలించిన చిన్న వైస్ దవడల్లో కొక్కెం బిగించి, దాని మీదినుంచి కళ్లు తిప్పకుండా "నలుపు" అని చెయ్యి చాపేవారు. ఎదురుగా కూర్చున్న వదిన పెట్టెలోంచి నల్లదారం రీలు తీసి ఆ చేతిలో పెట్టేది. "పచ్చ" అంటే పచ్చ. "మీకెందుకు వదినా ఈ వెట్టి?" అని నేను ఎగతాళి చేసేవాణ్ని. "ఆయన చెయ్యి పెడితే దారాలన్నీ చిక్కులు పడతాయి" అనేది.

ఇలా ఏడేళ్లు గడిచాయి. ఆ ఏడేళ్లలో లేక్ మీద ఆయన మాటకు తిరుగులేదు. 1986 ఏప్రిల్‌లో ఒక శనివారం పడవలో కూర్చుని, సీసా ఎత్తి ఎండలో చూసి, "నలుపు, పచ్చ తోక" అని తీర్పు చెప్పారు. నేను ఆయన జిగ్గుల పెట్టె తెరిచాను. నల్లవాటి గడిలో ఒక్కటీ నల్లది లేదు. అన్నీ ముదురు నీలం, బడి పిల్లల నిక్కరు రంగు.

"నల్లయి ఎక్కడున్నయ్ అన్నా?"

"ఎదురుగా పెట్టుకుని అడుగుతావేందయ్యా?" అంటూ ఆయనే ఒక నీలం జిగ్ తీసి, ఎండకెత్తి పట్టుకుని, తృప్తిగా తలాడించి గాలానికి ముడివేశారు.

నేను పెట్టె మూసేశాను. ఆ రోజు చేపలు ఎగబడి పడ్డాయి. ఒక్కొక్కటి పడుతున్నప్పుడల్లా "చూశావా నలుపు దెబ్బ!" అని ఆయన తొడ చరుచుకుంటున్నారు. ఆ చేపల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక్కటైనా ఆయన మాట కాదనొచ్చు కదా.

షేడ్ మాస్టర్ కంటికి నలుపూ నీలం ఒకటైపోతే, ఉద్యోగం సంగతి అటుంచి, అలాంటి మనిషికి తలెత్తుకుని తిరగడం ఎలా? పోయిన వేసవి నుంచి ఆయన ముద్ర వేసేముందు, "నీ మెషీన్ ఏమంటందయ్యా?" అని అడగడం అప్పుడు గుర్తొచ్చింది. చివరికి నా యంత్రానికి విలువ ఇస్తున్నారని నేను ఏడాదిగా మురిసిపోతున్నాను. నా తెలివి తగలెయ్య.

ఇంటికొచ్చాక ఆయన పెరట్లో చేపలు బాగుచేస్తుంటే, నేను వంటింట్లోకి వెళ్లి ఒక నీలం జిగ్ వదిన ముందు పెట్టాను. వదిన చేతులు తుడుచుకుని దాన్ని చూసింది. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు.

"జనవరిలో మా చెల్లెలి పురుడని వాళ్లూరు షాంటిలీ వెళ్లి ఆరు వారాలున్నానుగా. అప్పుడు ఒక్కరే కూర్చుని కట్టుకున్నారు ఇయ్యి."

"అంటే మీకు ముందే ఎరికేనా?"

"రెండేళ్లయింది. నలుపు అడిగితే నలుపే చేతిలో పెడతన్నా. మేజోళ్లు కూడా నేనే జత చేసి పెడతన్నా."

"మరి చెప్పలేదేంది వదినా?"

"ఏమని చెప్పను? అద్దకం ఇంట్లో పుట్టినాయనకి, నీకు రంగు ఆనట్లేదని పెళ్లాం చెప్పుద్దా?" వదిన జిగ్గును నా వైపు జరిపింది. "మిల్లులో ఏదన్నా తప్పు ముద్ర పడుద్దేమోనని రోజూ భయమే. నువ్వు చెప్పు శ్యామూ. నీ మీద కేకలేసినా, నీ మాట వింటారు."

మర్నాడు పొద్దున్నే లేక్‌కు వెళ్లి ఆవకాయ సీసా నింపుకొచ్చాను. పెరటి మెట్ల మీద ఎండలో ఆయన కాఫీ తాగుతున్నారు. సీసాలోకి రెండు జిగ్గులు దించాను. ఒకటి నా దగ్గర మిగిలిన రెండేళ్ల నాటిది, వదిన దారం అందిస్తే కట్టింది. రెండోది ఈ చలికాలంలో ఆయన ఒక్కరే కట్టింది, తోక కాస్త పెద్దది.

"అన్నా, ఈ రెండిట్ల ఏది నలుపు?"

"పొద్దున్నే ఏందయ్యా పరీక్షలు? రెండూ నలుపేగా" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన నా మొహం చూశారు. సీసా అందుకుని ఇటు తిప్పారు, అటు తిప్పారు. రెండింటినీ బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని ఎండలోకి నడిచారు. కాఫీ చల్లారిపోయింది.

గుమ్మంలోంచి వదిన మెల్లగా అంది. "పెద్ద తోకది నీలమండీ."

ఆయన తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డారు. "మిల్లులో నాకు తెలుస్తానే ఉంది. ముదురు రంగులన్నీ ఒకటిగా కలిసిపోతన్నయ్యి. అందుకేగా నీ మెషీన్‌ని అడిగింది. లేక్ మీద మాత్రం నా కన్ను నాకుందనుకున్నా శ్యామూ" అన్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కానీ ఆయన భీమశంకర్ గారు. పది నిమిషాల్లో లేచి మొహం కడుక్కొచ్చారు. "ఇంకోడు కనిపెట్టేదాకా కూర్చుంటానా? రేపు నేనే చెప్తా" అన్నారు. అన్నట్టే సోమవారం నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్లి ముద్ర అతని బల్ల మీద పెట్టారు. "నా కళ్లు బాగయ్యేదాకా ఇది శ్యామ్ దగ్గరుంటుంది. బాగయ్యాక మళ్లీ నేను తీసుకుంటాను" అన్నారు. అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి సరేనన్నాడు. ఇన్నాళ్లూ ఆయన్ని ఎలా ఓడించాలా అని చూసినవాణ్ని, ఆ ముద్ర చేతికొచ్చినప్పుడు నాకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

కంట్లో శుక్లాలన్నారు డాక్టర్లు. జూన్‌లో రిచ్‌మండ్‌లో కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఆయన ఒక కన్ను మూసి, ఇంకోటి మూసి గోడవైపు చూశారు. కుడికంటికి గోడ తెల్లగా ఉందట, ఎడమకంటికి పసుపునీళ్లు చల్లినట్టుందట. తర్వాత జిగ్గుల పెట్టె అడిగారు. అడుగుతారని వదిన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకునే వచ్చింది. తెరిచి చూసి, "ఓరినీ, ఇంత నీలమా!" అని పగలబడి నవ్వారు. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"నీలానికి కూడా క్రాపీ పడుద్దని ఈ కౌంటీలో కనిపెట్టింది ఎవరయ్యా? నేనేగా!" అన్నారు నాతో. హోబర్ట్‌కు కథంతా ఆయనే చెప్పారు. ఆ నీలం జిగ్గులకు హోబర్ట్ గోడ మీద 'శంకర్ బ్లాక్' అని చీటీ రాసి తగిలించాడు.

చలికాలానికి రెండో కన్నూ బాగైంది. ముద్ర వెనక్కి తీసుకున్నారు. మొదటివారమే నా యంత్రం సరేనన్న బూడిదరంగు తానును ఆయన కాదన్నారు. మళ్లీ కొలిస్తే ఆయనదే నిజమైంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది, ప్రాణం కుదుటపడింది కూడా.

ఆ ఆదివారం భోజనానికి వెళ్లేసరికి బల్ల మీద వైస్ బిగించి ఉంది. ఆయన కొక్కెం మీదినుంచి కళ్లు తిప్పకుండా "నలుపు" అని చెయ్యి చాపారు. వదిన రీలు తీసి ఆ చేతిలో పెట్టింది. ఆయన చుట్టడం మొదలుపెట్టారు.

"అన్నా, ఇప్పుడు కళ్లు మంచిగైనయ్ గద. ఒక్కసారన్న చూస్కోన్రి" అన్నాను.

"ఎందుకూ? తనిచ్చిందిగా" అన్నారు తలెత్తకుండా.