హిరోషిమా తరఫున కూర్చున్న విద్యాధికారి

1961 జూన్‌లో నన్ను జువ్వలదిన్నె దగ్గరి ఒక హైస్కూలుకు సోషల్ స్టడీస్ అసిస్టెంటుగా వేశారు. ప్రొబేషన్ రెండేళ్ళు. ఆ గడువులోగా జిల్లా విద్యాధికారి వచ్చి, మన పాఠం కళ్ళారా చూసి, బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం. నాకు పిల్లనిస్తానన్న ఇందుకూరుపేట మామగారు కూడా "అది ఖాయమైనాకే ముహూర్తం" అని భీష్మించుకుని కూర్చున్నారు. అంటే నా ఉద్యోగమూ, పెళ్ళీ రెండూ ఆ అధికారి కలంలోనే ఉన్నాయి.

తనిఖీకి నేను ఎంచుకున్న పాఠం, జపాన్ మీద అణుబాంబు వేయాలని అమెరికా అధ్యక్షుడు తీసుకున్న నిర్ణయం. పిల్లల చేత మంత్రివర్గ సమావేశం నడిపించి, నలభై అయిదు నిమిషాల్లో "యుద్ధం త్వరగా ముగిసింది, ఎన్నో ప్రాణాలు దక్కాయి" అనే వాక్యం దగ్గరికి తేవాలని పాఠ్య ప్రణాళికలో రాసుకున్నాను. తనిఖీ పాఠాన్ని ముందే పిల్లలకు వల్లె వేయించడం మా వృత్తిలో అందరికీ తెలిసిన దొంగతనం. నేనూ వారం రోజులు వేయించాను. అధ్యక్షుడి వేషం కరణంగారబ్బాయిది. వాడు అద్దంలో చూసుకుని మరీ నేర్చుకున్నాడు.

విద్యాధికారి గారు నాలాంటివాళ్ళను ఎంతమందిని చూశారో! పాఠం మొదలుపెట్టగానే చేత్తో ఆపి, "అధ్యక్షుడిగా ఆ చివరి బెంచీ అబ్బాయిని పెట్టండి" అన్నారు. వాడు పోలయ్య, సముద్రంలో వేట చేసే ఇంటివాడు. నేను వల్లె వేయించిన వారమంతా తండ్రితో వేటకు పోయి బడికే రాలేదు.

పోలయ్య దర్జాగా నా కుర్చీలో కూర్చున్నాడు. మంత్రులు అప్పజెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. తీర్పు చెప్పమంటే తల అడ్డంగా ఊపాడు.

"ఎట్టా చెప్పేది సార్? ఆ ఊరోళ్ళు ఒకరన్నా లేరే! మా రేవు పంచాయితీలో అవతలి పక్కోళ్ళను కూర్చోబెట్టకుండా పెద్దలు నోరిప్పరు."

"హిరోషిమా నుంచి ఇప్పుడు ఎవర్ని తెస్తాంరా?" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

వాడు గదంతా కలయజూసి, పని లేకుండా కూర్చున్న మనిషిని పట్టుకున్నాడు. "అయ్యా, మీరు రండి. మీరు ఆ ఊరోళ్ళు."

తనిఖీకి ఆయన వెంట వచ్చిన హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. విద్యాధికారి మాత్రం నవ్వుతూ వచ్చి మంత్రులకు ఎదురుగా కూర్చున్నారు. గొంతు సవరించుకుని, "యుద్ధం ఆగాలంటే ఒక్కోసారి కఠినమైన నిర్ణయాలు..." అని మొదలుపెట్టారు.

"అది మా మాట గదా సార్," అన్నాడు పోలయ్య. "మీ మాట చెప్పండి."

క్లాసు గొల్లుమంది. ఆయనా నవ్వారు. నవ్వు ఆగాక, "బాంబు పడేది పొద్దున ఎనిమిదింపావుకు. మా పిల్లలు బడికి బయల్దేరి ఉంటారు" అన్నారు.

పోలయ్య మంత్రులవైపు తిరిగి, "ఈ సంగతి మీరెవరూ చెప్పలేదేందిరా?" అని గద్దించాడు. నాకు సిగ్గేసింది. వాళ్ళ మాటలు రాసిచ్చింది నేనే. ఇంతలో గంట కొట్టారు. అధ్యక్షుడు తీర్పును మర్నాటికి వాయిదా వేశాడు.

విద్యాధికారి తనిఖీ పుస్తకంలో "పాఠం ముగియలేదు. ముగించనందుకే ఈ ఉపాధ్యాయుణ్ణి ఖాయం చేయవచ్చు" అని రాసి వెళ్ళారు. మామగారు ఆ నెలలోనే ముహూర్తం పెట్టించారు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అదే పాఠం చెప్పాను. వల్లె వేయించడం ఆ రోజుతో మానేశాను. నిర్ణయం న్యాయమా కాదా అని అడిగేముందు, అది ఎవరి నెత్తిన పడిందో వాళ్ళ తరఫున ఒకర్ని ఎదురుగా కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్క క్లాసు కూడా గంట కొట్టేలోగా తీర్పు చెప్పలేకపోయింది.