మా సెక్టార్లో బలపరీక్ష

ఢిల్లీలో ప్రభుత్వం కూలితే పేపర్లో వస్తుంది. ఉక్కునగరంలో నేనొక్కణ్ణే కూల్చిన ప్రభుత్వం సంగతి ఏ పేపర్లోనూ రాలేదు కనక నేనే చెప్పుకుంటున్నాను. మీరు నవ్వండి, పరవాలేదు. నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

తొంభైల్లో, ప్రధానులు గబగబా మారిపోతున్న రోజులవి. గోదావరి నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికొచ్చిన నేను, పేపర్లు నమిలి నమిలి రాజ్యాంగం కొట్టిన పిండి అనుకునేవాణ్ణి. మా క్వార్టర్లున్న సెక్టారు సంఘానికి అధ్యక్షుడు అప్పలస్వామి బావ. క్రేన్ ఆపరేటరు. భార్య పోయాక ఆ సంఘమే ఆయన సంసారం. ఎవరి కుళాయి ఆగినా, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆయన సైకిలే కనబడేది. మూడు నెలల్లో రిటైరవుతాడు. కోరిక ఒక్కటే: వీడ్కోలు బ్యానరు మీద తన పేరు కింద ‘అధ్యక్షుడు’ అని ఉండాలి.

కమిటీలో ఏడుగురం. ముగ్గురు ఆయన మీద గొణుగుతున్నారని తెలిసి నాలోని మేధావి లేచి కూర్చున్నాడు.

"బావా, విశ్వాస పరీక్ష పెట్టు. పార్లమెంటులో నాయకుడంటే కుర్చీలో ఉన్నవాడు కాదు, సభలో సగం మంది కంటే ఎక్కువ తన వెనక ఉన్నవాడు."

"ఇప్పుడెవులడిగినారు బావ? మూడు నెల్లే కదేటి."

"అడక్కముందే గెలిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి. నువ్వు, నేను, నూకరాజు, దానియేలు మాస్టారు. ఏడింట్లో నాలుగు!"

"నాకేటి తెల్దు. నువ్వు సెప్తే సరే. నిన్ను నమ్మినాను."

రూలు కూడా నేనే రాశాను: నాలుగు చేతులు లేవాలి, రానివాడి చెయ్యి లేవనట్టే. సభ ఆదివారం మూడింటికి. నా షిఫ్టు రెండింటికి అయిపోతుంది.

"ఆ రోజు నాకు రెండింటికి డూటీ ఉంది గురువుగారూ," అన్నాడు నూకరాజు.

"ఎగ్గొట్టు! ప్రజాస్వామ్యం ముఖ్యమా, డ్యూటీ ముఖ్యమా?"

"అయితే ఎగ్గొట్టెస్తాను."

ఆదివారం రెండయింది. తల దువ్వుకుని, ఉపన్యాసం జేబులో పెట్టుకుని మిషను దగ్గర నిలబడ్డాను. మా ప్లాంటులో తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి మన చోట నిలబడితే తప్ప కదలడానికి లేదు. రెండున్నర. మూడు.

"సార్, నా చోటికి ఎవరూ రాలేదు!" అన్నాను ఫోర్‌మన్‌తో.

"మీ నూకరాజే రావాలి. చెప్పకుండా ఎగ్గొట్టాడు దొంగ వెధవ. ఈ షిఫ్టు కూడా నువ్వే చెయ్యి."

ఏడాదిగా రోజూ నా చోటికొచ్చి నన్ను విడిపిస్తున్నది నూకరాజే. రాజ్యాంగమంతా గుర్తున్న బుర్రకి ఆ ఒక్క ముక్క గుర్తు రాలేదు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ చూసొచ్చి ఇంట ఓడించాను.

మర్నాడు పొద్దున్నే బావ దగ్గరికి పరుగెత్తాను. సంఘం గది తాళంచెవి అప్పటికే ఇచ్చేశాడు.

"ఏటైపోనావు బావ? నీ కోసం అరగంట సూసాం. పాపం నూకరాజు రెండు సేతులూ ఎత్తినాడు. ఒకటే లెక్కెట్టారు."

"మళ్లీ ఓటింగు పెట్టిస్తాను బావా!"

"వొద్దు. రూలు రూలే. నువ్వే రాసినావు కదా."

కోపంగా అన్నా బాగుండేది.

రిటైరైన రోజు బ్యానరు మీద ఆయన పేరుంది. పేరు కింద రాయడానికి వదిలిన చోటు తెల్లగా ఉండిపోయింది. బావ దాన్ని కాసేపు చూసి, తనకి వేసిన దండ తీసి నా మెడలో వేసి, ఆనందపురం తమ్ముడింటికి బస్సెక్కాడు. ఆ దండతోనే రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. రెండేళ్లకు ఆయన పోయాడని కబురొచ్చింది.

అందుకే ఉక్కుసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో మరే నాయకుణ్ణీ నిలబెట్టను. నిలబెట్టక తప్పకపోతే, ముందు నా చోట నిలబడే మనిషి ఎవరో చూసుకుంటాను.